ఫొటో దిద్దుబాటును తగ్గించుకునే వీలు ఫోన్‌లోనే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

స్మార్ట్‌ఫోన్‌తో తీసిన ఫొటోలో కెమెరాకు అందిన దృశ్యం ఎంత, ఫోన్ దానంతట అది దిద్దినది ఎంత అన్నది తెలుసుకునే వీలు సామాన్య వినియోగదారుకు లేకుండా పోతోంది. ముఖంమీది ముడతలూ మచ్చలూ నున్నబడుతున్నాయి, ఆకుల అంచులు కలంతో గీసినట్లు పదునెక్కుతున్నాయి, నీడగా ఉండవలసిన మూలలు పట్టపగలులా వెలుగుతున్నాయి. ఈ దిద్దుబాటును ఎవరికి కావలసినంత వారు తగ్గించుకునే సెట్టింగ్ ప్రతి ఫోన్ కెమెరాలోనూ సులువుగా కనబడే చోట ఉండాలని నా విన్నపం.

దిద్దుబాటు బొత్తిగా వద్దని నేను అనడం లేదు. సాధారణంగా కెమెరాలో వెలుతురును నమోదు చేసే సెన్సర్‌లోని ఒక్కో బిందువు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఏదో ఒక్కదాన్నే నమోదు చేస్తుంది కనుక, మిగిలిన రెండింటినీ పొరుగు బిందువులను బట్టి లెక్కగట్టకపోతే రంగుల ఫొటోయే రాదు. పైగా సెన్సర్ చిన్నది కావడంతో తక్కువ వెలుతురులో నాయిస్, అంటే ఇసుక చల్లినట్లుండే చుక్కలు, ఎక్కువగా చేరుతుంది. వరుసగా తీసిన అనేక ఫ్రేములను కలిపి ఆ నాయిస్‌ను తగ్గించే పద్ధతులు, 2018లో గూగుల్ తెచ్చిన నైట్ సైట్ వంటివి, నిజంగా మెచ్చుకోదగినవి. అయితే ఉన్న వెలుతురును కూడగట్టడానికీ, లేని వివరాన్ని అతికించడానికీ చాలా తేడా ఉంది. 2023లో సామ్‌సంగ్ ఫోన్ల చంద్రుడి ఫొటోలపై వివాదం రేగింది ఇందుకే. కావాలని మసకబార్చిన చంద్రుడి బొమ్మను కంప్యూటర్ తెరమీద ఉంచి తీసినా, ఆ బొమ్మలో లేని వివరాలు ఫొటోలో కనిపించాయి. చంద్రుణ్ని గుర్తించి వివరాలకు మెరుగుపెట్టే ఏఐ తమ కెమెరాలో ఉందని ఆ తర్వాత ఆ సంస్థే వివరించింది. అంతకుముందు 2020 సెప్టెంబరులో కార్చిచ్చుల పొగతో శాన్‌ఫ్రాన్సిస్కో ఆకాశం నారింజ రంగుకు మారినప్పుడు, ఎన్నో ఫోన్లు ఆ రంగే పొరపాటని భావించి బూడిద రంగుగా సరిదిద్దాయి. ఆ రోజు ఫొటోకు విలువ ఇచ్చేదే ఆ రంగు!

అందం కోసం తీసుకునే ఫొటోల సంగతి అలా ఉంచితే, చర్మంమీది దద్దురును వైద్యుడికి చూపేందుకు తీసిన ఫొటోను ఫోన్ నునుపు చేస్తే జరిగే నష్టం చిన్నది కాదు.

కావలసినవారు రా (RAW) ఫైల్‌ను, అంటే దిద్దుబాటుకు ముందు సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని, తీసుకోవచ్చు కదా అని కొందరంటారు. ఆ వీలు ఆండ్రాయిడ్‌లో 2014 నుంచి, ఐఫోన్‌లో 2016 నుంచి ఉన్నమాట నిజమే. కానీ ఆ ఫైళ్లు చాలా పెద్దవి, తీసిన తర్వాత మనమే దిద్దుకోవాలి, చాలా ఫోన్లలో సొంత కెమెరా యాప్ ఆ సౌకర్యాన్నే ఇవ్వదు. 2024లో హాలైడ్ అనే ఐఫోన్ యాప్ ‘ప్రాసెస్ జీరో’ పేరిట, ఫ్రేములను కలపకుండా, ఏఐ సాయం లేకుండా, ఒకే ఎక్స్‌పోజర్ నుంచి ఫొటోను సిద్ధం చేసి చూపింది. బయటి యాప్ చేయగలిగినది ఫోన్ తయారీదారులకు అసాధ్యం కాబోదు.

కాబట్టి ముఖాన్ని నునుపు చేసే సౌకర్యం ఫోన్ కొన్ననాడు ఆపివేసి ఉండాలి. షార్ప్‌నెస్‌, నాయిస్ తగ్గింపు, హెచ్‌డీఆర్ (వెలుగులోనూ నీడలోనూ వివరాలు కనిపించేలా చేసే పద్ధతి)లకు వేర్వేరు స్థాయిలు ఇవ్వాలి. ఏఐ వివరాలు చేర్చిన ఫొటోలో ఆ సంగతి నమోదై, ఫొటో చూసే ప్రతివారికీ తెలిసేలా ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు