పుండు పరీక్ష పీహెచ్‌సీలోనే చేయాలి

షుగర్ ఉన్నవారి కాలి పుండుకు ఏ రకం క్రిమి పట్టిందో రంగులు పట్టించి అక్కడికక్కడే చూసే గ్రామ్ స్టెయిన్ అనే చవక పరీక్ష మా మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేయడం లేదు. చీము నమూనాను కల్చర్‌కు, అంటే క్రిములను పెంచి చూసే పరీక్షకు, జిల్లా కేంద్రానికి పంపాలి, రిపోర్టుకు కనీసం రెండు మూడు రోజులు. ఈలోగా అంచనా మీదే యాంటీబయాటిక్ నడుస్తుంది. మా వీధిలో షుగర్ ఉన్న ఒకాయనకు పొలంలో ముల్లు గుచ్చుకుంది. పాదంలో స్పర్శ లేక నొప్పే తెలియలేదు. ఆరు రోజులు బిళ్లలు మింగాక కట్టు విప్పితే చిటికెన వేలు నల్లబడి ఉంది. వాడిన మందు ఆ క్రిమి మీద పనిచేయదని మర్నాడు రిపోర్టు వచ్చింది. వేలు తీసేశారు. నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను, అందుకే ఇది మరీ బాధ అనిపించింది. క్షయ కోసం కళ్లె చూసే మైక్రోస్కోపుతోనే చీముకు గ్రామ్ స్టెయిన్ చేయొచ్చు. నాలుగు ద్రావణాలు, పావుగంట పని. క్రిములు ఊదా రంగులో కనబడితే ఒక రకం, గులాబీ రంగులో అయితే ఇంకో రకం. కల్చర్ వచ్చేలోపు ఏ మందు మొదలుపెట్టాలో డాక్టరుకు దారి దొరుకుతుంది. అయితే పుండును సెలైన్‌తో బాగా కడిగి, లోపలి నుంచి నమూనా తీయాలి. పైపైన దూది రుద్దితే చర్మం మీద మామూలుగా ఉండే క్రిములే కనబడి తప్పుదారి పట్టిస్తాయి. వైద్య ఆరోగ్య శాఖ ప్రతి పీహెచ్‌సీకి ఈ రంగులు సరఫరా చేసి, నమూనా తీయడంలో నర్సులకు, స్లైడు చూడడంలో టెక్నీషియన్లకు శిక్షణ ఇవ్వాలి. షుగర్ మందుల కోసం వచ్చిన ప్రతి ఒక్కరి పాదాలనూ చెప్పులు విప్పించి చూడాలి.

– ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, పశ్చిమ గోదావరి జిల్లా