వెంటిలేటర్ వద్దు అనే కాగితం ఎవరికివ్వాలి?

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో కారుణ్య మరణం మీద వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వడం, ఇక లాభం లేదని తేలాక వెంటిలేటర్ తీసెయ్యడం రెండూ ఒకటే అన్నట్టు రాశారు. దాడిలో మెదడు దెబ్బతిని ఏళ్ల తరబడి మంచాన పడ్డ నర్సు అరుణా షాన్‌బాగ్ మరణానికి సుప్రీంకోర్టు అనుమతిచ్చిందని కూడా రాశారు. ఇవ్వలేదండీ. 2011 మార్చి 7న ఆమె కోసం వేసిన పిటిషన్‌ను కోర్టు కొట్టేసింది. ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సులు మా అరుణను మేమే చూసుకుంటామన్నారు. 1973లో దాడి జరిగిన నాటి నుంచి 2015లో న్యుమోనియాతో పోయేదాకా, దాదాపు 42 ఏళ్లు, మంచంలో ఉన్న మనిషికి ఒంటి మీద పుండు పడనివ్వలేదు. అంత సేవ చేసినవాళ్ల గురించి రాసేటప్పుడు ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవద్దా? పేపర్లో పడితే నిజమేనని నమ్మిన తరం మాది.

అసలు రాయాల్సింది వేరే ఉంది. 2018 మార్చి 9న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం లివింగ్ విల్ చెల్లుతుందని చెప్పింది. కోలుకునే ఆశ లేని స్థితిలో, నోట మాట రాని రోజున, ఫలానా వైద్యం నాకొద్దని ముందే రాసిపెట్టుకునే కాగితం అది. మొదట దాని మీద మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. అది సామాన్యుడి వల్ల అయ్యే పని కాదని 2023 జనవరి 24న కోర్టే సడలించింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ సంతకం ఉంటే చాలు. ఒక కాపీ మున్సిపాలిటీకి గానీ పంచాయతీకి గానీ ఇవ్వాలి. దాన్ని భద్రపరిచే అధికారిని వాళ్లు నియమించాలి.

ఇదంతా నేను చదువుకున్నది మా అన్నయ్య పోయాకే. ఆయనకు 78 ఏళ్లు. మెదడులో రక్తనాళం చిట్లింది. ఓ ప్రైవేటు ఆసుపత్రిలో 19 రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు. మూడో రోజుకే ఆశ లేదని డాక్టరు చెప్పారు. "ఆ గొట్టాలు నాకొద్దురా" అని అన్నయ్య ఎన్నిసార్లు అన్నారో వదినకీ నాకూ తెలుసు. ఆ మాటే చెబితే, "మా సలహాకు వ్యతిరేకంగా తీసుకెళ్తున్నామని సంతకం పెట్టి తీసుకెళ్లండి" అన్నారు. ఊపిరాడక దారిలో పోతారేమోనని వదిన సంతకం పెట్టలేదు. ఆ 19 రోజులూ గొట్టాలు పీక్కుంటారని రెండు చేతులూ బ్యాండేజీ గుడ్డతో మంచం కడ్డీలకు కట్టారు. చివరి స్నానం చేయించేటప్పుడు మణికట్ల మీద ఆ వాతలు కనిపించాయి. నీళ్లు పోస్తున్న మా అబ్బాయి చెంబు కింద పెట్టేశాడు.

అందుకే నా కాగితం నేను రాసుకున్నాను. నోటరీ ఆస్తి వీలునామా అనుకుని సర్వే నంబర్లు అడిగారు. మా మున్సిపల్ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాను. జనన మరణాల సెక్షన్‌కు వెళ్లమన్నారు. అక్కడి గుమాస్తా చదివి, "ఇది పోయాక వచ్చే కేసు మాస్టారూ, అప్పుడు మీవాళ్లను రమ్మనండి" అన్నారు. తపాలా సెక్షన్‌లో ఇచ్చి రసీదు అడిగితే జీవో నంబరు చెప్పమన్నారు. తీర్పు ప్రింటు తీసి చేతికిస్తే, "మాకు పైనుంచి ఏమీ రాలేదు" అన్నారు. తీర్పు వచ్చి ఏళ్లు గడిచాయి. ఇంకెంత పైనుంచి రావాలి? ఇంటి పన్ను ఒక్క నెల ఆలస్యమైతే ఇదే ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. బతికే ఉన్నానని పెన్షన్ కోసం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాను, దానికి మనుషులున్నారు, మెషీన్లున్నాయి. ఈ ఒక్క కాగితం తీసుకోవడానికి మాత్రం ఒక్క మనిషి లేడు. కర్ణాటక ఆరోగ్య శాఖ 2025 జనవరిలో ఈ తీర్పు అమలుకు ఉత్తర్వు ఇచ్చింది. తీర్పు ప్రకారం ఆసుపత్రిలో ఒక డాక్టర్ల బోర్డు, దాని మీద జిల్లా వైద్యాధికారి ప్రతినిధితో ఇంకో బోర్డు చూశాకే వైద్యం ఆపుతారు. ఇష్టం వచ్చినట్టు ప్లగ్ పీకేసే వ్యవహారం కాదిది.

నెదర్లాండ్స్‌లో 2002 నుంచి, కెనడాలో 2016 నుంచి ఉంది కాబట్టి ఇంజెక్షన్ చట్టం మనకూ కావాలని మీ వ్యాసకర్త అడిగారు. నేను ఒప్పుకోను. పొలం పంపకాల దగ్గర ముసలివాళ్లను ఏ కంటితో చూస్తున్నారో నాకు తెలుసు. "ఎవరికీ భారం కాకుండా పోతే బాగుండు" అని రోజూ అనుకునే తల్లులున్న దేశంలో ఆ ఇంజెక్షన్ ఎవరు కోరుకున్నట్టు, ఎవరు కోరుకునేలా చేసినట్టు? 2016లో చిత్తూరు జిల్లాలో కాలేయం పాడైన పసిబిడ్డకు కారుణ్య మరణం ఇప్పించమని కన్నవాళ్లే కోర్టుకెళ్లారు. వాళ్లకు లేనిది ఆపరేషన్ డబ్బు.

మా వీధిలో బట్టలు కుట్టే ఒకావిడకు క్యాన్సర్ ఎముకలకు పాకింది. "ఏదో ఒక సూది వేసి పంపించెయ్యండి" అని రాత్రంతా అరిచేది. అంత నొప్పిని తగ్గించే మార్ఫిన్ మందు ఏ మందుల షాపులోనూ లేదు. మార్ఫిన్ దొరకడం తేలిక చెయ్యాలని 2014లోనే మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు కదా! కొడుకు హైదరాబాద్ వెళ్లి తెచ్చాడు. రెండో రోజు పొద్దున ఆవిడ ఆవకాయ వేసి అన్నం కలిపి పెట్టమంది. ఆ తర్వాత రెండు నెలలు బతికింది. సూది మాట మళ్లీ ఎత్తలేదు. కేరళలో నర్సులు ఇంటికొచ్చి ఈ నొప్పి చూస్తారు, 2008లోనే దానికో విధానం పెట్టుకున్నారు. మన దగ్గర జిల్లా కేంద్రం దాటితే ఎవరిని అడగాలో కూడా తెలియదు.

నా కాగితం ఇంకా బీరువాలోనే ఉంది. మా ఊళ్లో దాన్ని తీసుకోవాల్సిన అధికారి ఎవరో మీ విలేకరితోనైనా కనుక్కుని జిల్లా పేజీలో వెయ్యండి. నాకు 74 ఏళ్లు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా