మేడ మీద గదికి ఏ రోలర్ కొనాలంటే

స్టుట్‌గార్ట్,
నవంబరు.

నాన్నగారికి నమస్కారాలు.

మేడ మీద గదికి ఈసారి పెయింటర్‌ని పిలవకుండా మీరే రంగు వేస్తానంటున్నారని అమ్మ చెప్పింది. మిమ్మల్ని ఆపమని నన్ను పురమాయించింది కూడా. చెప్తే ఆగే మనిషి కాదని ఆవిడకీ తెలుసు. అందుకే ఆపడం మానేసి, కొట్టుకి వెళ్ళేముందు మీరు చదువుకోవడానికి ఇది రాస్తున్నాను.

ఇక్కడ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడలకి రంగు వేసి అప్పగించాలని చాలా అద్దె ఒప్పందాల్లో ఉంటుంది. మనిషిని పెట్టుకుంటే ఖర్చు భరించలేం. దాంతో డాక్టరైనా ఇంజనీరైనా రోలర్ పట్టుకోవాల్సిందే. ఆదివారం కొట్లు ఉండవు కాబట్టి శనివారం ఆ సామాన్లు అమ్మే చోట తిరునాళ్ళే.

రోలర్ ఏది కొనాలో గోడని తడిమి చూసి తేల్చుకోవాలి. ఇక్కడ చాలా ఇళ్ళల్లో గోడకి రౌఫాజర్ అనే కాగితం అంటించి ఉంటుంది. కాగితం పొరల మధ్య చెక్కపొట్టు పెట్టి చేస్తారు. 1864లో హ్యూగో ఎర్‌ఫుర్ట్ అనే ఆయన కనిపెట్టాడు. చెయ్యి పెడితే ఉప్మారవ్వ చల్లినట్టు గరగరలాడుతుంది. ఆ సందుల్లోకి రంగు దిగాలంటే పొడుగు బొచ్చు రోలర్ కావాలి. మన గది అలా కాదు, లప్పం పెట్టి నున్నగా తీయించారు. దానికి 9 నుంచి 12 మిల్లీమీటర్ల బొచ్చు చాలు. అంతకంటే పొడుగైతే రంగు ఎక్కువ తాగి, గోడంతా బుడిపెలు తేలుస్తుంది. పిట్టగోడకి ఎప్పుడైనా వేస్తే అప్పుడు పొడుగుది కొనండి. చవక రోలర్ మాత్రం వద్దు. దాని బొచ్చు ఊడి రంగులో అతుక్కుంటే ఆరాక గోకి తీయాల్సి వస్తుంది. మంచిదానికైనా ముందు మాస్కింగ్ టేపు చుట్టి లాగేయండి, వదులుగా ఉన్న పోగులు వచ్చేస్తాయి.

బ్రష్ రెండున్నర అంగుళాలది, కొస ఏటవాలుగా కోసినది తీసుకోండి. సీలింగ్ అంచులు, స్విచ్‌బోర్డుల చుట్టూ దానితోనే. నీళ్ళలో కలిపే ఎమల్షన్‌కి నైలాన్ బ్రష్ వాడాలి. పంది వెంట్రుకల బ్రష్ నీళ్ళు పీల్చి మెత్తబడి వాలిపోతుంది, అది తలుపుల ఎనామిల్‌కి బాగుంటుంది.

మీ మోకాళ్ళ సంగతి. రోలర్ పిడి చివర మర ఉందో లేదో చూసి, దానికి సరిపోయే పొడుగు కర్ర అక్కడే బిగించి చూసుకుని కొనండి. స్టూలు మీద స్టూలు వేసి ఎక్కుతానంటే మాత్రం నేను అమ్మ వైపే. అంచుల పని కోసం స్టూలు ఎక్కాల్సినప్పుడు కింది వీధి తమ్ముణ్ణి పిలవండి.

ట్రే బదులు ఇక్కడివాళ్ళు బకెట్‌లో ఒక జాలీ వేలాడదీసి, రోలర్‌ని ముంచి దాని మీద దొర్లిస్తారు. ఎక్కువైన రంగు మళ్ళీ బకెట్‌లోకే పోతుంది, నేల మీద చుక్క పడదు. మన దగ్గర ఆ జాలీ దొరక్కపోతే ట్రే చాలు. నేల మీద మాత్రం ప్లాస్టిక్ కవరు పరవకండి, జారుతుంది. అమ్మ పాత దుప్పట్లు ఇవ్వనంటుంది, గోనెపట్టాలు చూడండి.

కిటికీ పక్క నుంచి మొదలుపెట్టి వెలుతురుకి దూరంగా వెళ్ళండి. అంచు ఆరకముందే దాని మీదుగా రోలర్ రావాలి, లేకపోతే అతుకు కనబడుతుంది. భోజనానికి లేవాలంటే ఒక గోడ పూర్తయ్యాకే. లేచేటప్పుడు రోలర్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టేయండి, కడగక్కర్లేదు. అంచులకి అంటించిన మాస్కింగ్ టేపుని, రంగు పూర్తిగా ఆరకముందే ఏటవాలుగా లాగాలి.

ఇంకొకటి, ఇది తేలిగ్గా తీసుకోకండి. తలుపుల మీద ఉన్న పాత ఎనామిల్‌ని ఎమ్రీ కాగితంతో పొడిగా రుద్దొద్దు. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. మన తలుపులకి అంతకు చాలా ముందు వేయించారు. ఆ దుమ్ము చిన్నపిల్లలకి ఇంకా ప్రమాదం, అక్క పిల్లలు సంక్రాంతికి వస్తారు కదా. ఈసారికి తలుపులు వదిలేయండి. లప్పం రుద్దేటప్పుడు కూడా మాస్కు పెట్టుకోండి, రుమాలు కట్టుకుంటే చాలదు.

కాకినాడలో ఈ నెలలో ఇంకా వానలున్నాయి, డిసెంబరులో ఎండ కాస్తే మొదలుపెట్టండి. కిటికీ కింద చెమ్మ ఉన్నచోట రంగు ఎన్ని పూతలు వేసినా పొక్కుతుంది. ముందు నీళ్ళు ఎక్కణ్ణించి దిగుతున్నాయో చూడాలి. ఆ మూల ఫోటో తీసి పంపండి, బయటివైపు నుంచి కూడా. అది చూశాకే రంగు కొనండి. రోలర్, బ్రష్ మాత్రం ఈలోపు తెచ్చుకోవచ్చు.

అమ్మకి ఏ రంగు కావాలో ఈసారైనా అడగండి.

మీ
సుజాత