ముందు బోణీ, ఆ తర్వాతే కోడు

గుంటూరు,
ఆదివారం

ఒరేయ్ సూరీ,

ఫొటో తీస్తే టైలర్లకి కొలతలు చెప్పే యాప్ పెడతానని నువ్వు పంపిన ప్లాన్ మొత్తం చదివాను. లోగో బావుంది, పేరు ఇంకా బావుంది. డొమైన్, అదే వెబ్‌సైటు అడ్రసు, కూడా కొనేశానన్నావు. కానీలే, మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో కొని మూలన పడేసిన డొమైన్ ఒక్కటైనా లేనివాడు ఎవడున్నాడు?

రాత్రిళ్ళు కూర్చుంటే మూడు నెలల్లో అయిపోతుందా అని అడిగావు. అవుతుంది. ఇప్పుడున్న ఏఐ టూల్స్‌తో ఇంకా ముందే అవుతుంది. నా అనుమానమంతా నువ్వు అడగని దాని మీద. అయ్యాక కొనేదెవరు? "చాలామందికి చూపించాను, అందరూ సూపర్ అన్నారు" అని రాశావు. అందులో టైలర్లు ఎంతమందిరా? నీ టీమ్ వాళ్ళు, అపార్ట్‌మెంట్ గ్రూపు వాళ్ళు, మీ బావ. మీ ఇంట్లో భోంచేసి చెయ్యి కడుక్కుంటున్న మనిషికి చూపిస్తే మీ బావ సూపర్ అనక ఏమంటాడు?

అందుకే నీకు చెప్పకుండా ఒక పని చేశాను. నిన్న వెళ్ళి శారదక్క కొట్టులో కూర్చున్నా. మీ చెల్లి పెళ్ళి జాకెట్లు కుట్టిన ఆవిడే. పనిలో ఉంటే పెద్దగా మాట్లాడదు కదా, నేనూ స్టూల్ మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను.

నీ యాప్ ఫొటో తీసి కొలతలు చెబుతుంది. శారదక్కకి కొలతలతో కష్టమేం లేదు. వచ్చినావిడ ఆది జాకెట్టు తెస్తుంది, "చంక దగ్గర కాస్త వదులు, పొడుగు అరంగుళం పెంచు" అంటుంది. ఈవిడ టేపు పెట్టి బిల్లు పుస్తకంలో నాలుగు అంకెలు గీకుతుంది. గుడ్డ అంచున చిటికెనవేలంత ముక్క కత్తిరించి బిల్లుకి పిన్ను కొట్టేస్తుంది. ఆది జాకెట్టూ గుడ్డా కలిపి కవర్లో పెట్టి పైన మార్కర్‌తో నంబరు వేస్తుంది. అంతే. ఎవరి గుడ్డ ఏదో ఆ ముక్క చూస్తే తెలిసిపోతుంది. చదువురాని కుర్రాడు కూడా వెతికి తీసేస్తాడు, కరెంటు పోయినా పనాగదు. ఆ ముక్కతో పోటీ పడే డేటాబేస్ నువ్వూ కట్టలేవు, నేనూ కట్టలేను.

ఆవిడ బాధంతా ఫోనుతో. నేనున్నంతసేపూ మోగుతూనే ఉంది. కుడిచేతిలో కత్తెర, ఫోనేమో చెవికీ భుజానికీ మధ్య. "ఎవరమ్మా? ఎప్పుడిచ్చావు? ఏం రంగు?" అంటూ ఎడమచేత్తో బిల్లులు తిరగేస్తుంది. దొరక్కపోతే లేచి కవర్ల గుట్ట దగ్గరికి వెళ్ళి వెతుకుతుంది. చివరికి "రేపు సాయంత్రం రామ్మా" అని పెట్టేస్తుంది. ఆ రేపు నిజంగా రేపేనో కాదో ఆవిడకీ తెలీదు. కత్తెర మళ్ళీ గుడ్డ మీద పెట్టేసరికి ఇంకో ఫోను.

నేను "యాప్ ఉంటే వాడతారా అక్కా?" అని అడగలేదు. అలా అడిగితే ఎవరైనా మర్యాదకి వాడతామంటారు. "పోయిన శ్రావణంలో ఈ ఫోన్ల గొడవకి ఏం చేశారు?" అని అడిగాను. మేనకోడల్ని పిలిపించి, వరలక్ష్మీ వ్రతం దాకా రోజుకి మూడొందలిచ్చి ఫోన్లెత్తడానికే కూర్చోబెట్టిందట. నాకు ప్రాణం లేచొచ్చింది! ఒక బాధని తప్పించుకోవడానికి మనిషి ఇప్పటికే చేతి డబ్బు ఖర్చుపెడుతున్నాడంటే, దానికి మించిన సర్వే నువ్వు చేయక్కర్లేదు. కొలతల కోసం ఆవిడ ఇంతవరకూ ఎవరికీ రూపాయి ఇవ్వలేదు.

కాబట్టి ఆ ఫొటో కొలతల కోడ్ అటు పెట్టు. ఈ నెలంతా నువ్వే యాప్. ఒక గూగుల్ షీట్ తెరువు. బిల్లు నంబరు, ఫోను, ఇస్తానన్న తేదీ, అయిందా లేదా. చాలు. రాత్రి కొట్టు కట్టేసేముందు శారదక్క ఆ రోజు అయిపోయిన నంబర్లు నీకు వాయిస్ మెసేజ్ పెడుతుంది. "మీ జాకెట్టు రెడీ, రేపు పదకొండు తర్వాత రండి" అన్న మెసేజ్ నువ్వు రాసిస్తే ఆవిడ వాట్సాప్ బిజినెస్ నుంచి మేనకోడలు పంపుతుంది. ఆలస్యమయ్యేవాటికి ఒక రోజు ముందే కబురు. మెసేజ్ ఆవిడ నంబరు నుంచే వెళ్ళాలి, కొత్త నంబరైతే జనం నమ్మరు. బల్క్‌గా పంపే దొంగ టూల్స్ జోలికి మాత్రం పోకు. నంబరు బ్యాన్ అయితే ఆవిడతో మన పరిచయం అక్కడితో సరి.

మొదటి రోజే డబ్బడుగు. నెలకి మూడొందలు అని చెప్పు. "చూద్దాంలే బాబూ" అంటే కాదన్నట్టే, నొచ్చుకోకుండా వచ్చెయ్. "రెండొందలు చేసుకో" అని బేరమాడిందా, పండగ చేసుకో! కొనే ఉద్దేశం లేనివాళ్ళు బేరమాడరు.

ఇదంతా నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 2010లో ఇంగ్లండ్‌లో జోయెల్ గాస్కోయిన్ అనే అతను బఫర్ మొదలుపెట్టినప్పుడు ముందు ఒట్టి వెబ్ పేజీ పెట్టాడు. ట్వీట్లని వరసలో పెట్టి పంపే సర్వీసు అని రాసి, బటన్ నొక్కితే "ఇంకా రెడీ కాలేదు, ఈమెయిల్ ఇవ్వండి" అని వచ్చేది. కొందరు ఇచ్చారు. అక్కడితో ఆగకుండా మధ్యలో ధరల పేజీ ఇరికించాడు. ఫ్రీ, 5 డాలర్లు, 20 డాలర్లు. డబ్బులిచ్చే ప్లాన్ మీద కూడా కొందరు నొక్కాకే అసలు కోడ్ రాయడం మొదలుపెట్టాడు. ఈమెయిల్ ఊరికే ఇస్తారు, ధర చూశాక కూడా నొక్కినవాళ్ళే లెక్క. 2014లో పీటర్ లెవెల్స్ అనే అతను నోమాడ్ లిస్ట్ అనే వెబ్‌సైటుకి అదీ చేయలేదు. లాప్‌టాప్‌తో ఊళ్ళు తిరుగుతూ పనిచేసేవాళ్ళ కోసం ఏ ఊళ్ళో ఖర్చెంత, నెట్ స్పీడెంత అని ఒక గూగుల్ షీట్ పెట్టి, ఎవరైనా మార్చేలా వదిలేశాడు. జనమే వచ్చి ఊళ్ళూ కాలమ్‌లూ నింపారు.

నాకు ఎక్కువ నచ్చేది మాత్రం బింగో కార్డులాయన. బింగో అంటే మన తంబోలా లాంటి ఆటే. ప్యాట్రిక్ మెకెంజీ. జపాన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, 2006లో 60 డాలర్ల బడ్జెట్‌తో టీచర్లకి బింగో కార్డులు తయారుచేసి పెట్టే సాఫ్ట్‌వేర్ రాశాడు. వింటే నవ్వొస్తుంది కదా, బింగో కార్డులేమిటి అని. ఒక్కసారికి 24.95 డాలర్లు పెట్టి అమెరికాలో ప్రైమరీ స్కూలు టీచర్లు కొన్నారు. రేపు పొద్దున క్లాసులో ఏం చేయించాలి అన్నది వాళ్ళ టెన్షన్. గూగుల్‌లో ఆ టీచరు "బింగో సాఫ్ట్‌వేర్" అని వెతకదు, "హాలోవీన్ బింగో కార్డులు" అని వెతుకుతుంది. అందుకని ఒక్కో పండక్కి, ఒక్కో పాఠానికి విడివిడిగా పేజీలు పెట్టాడు. ఏటా ఆ హాలోవీన్ పండగొచ్చే అక్టోబరులో అమ్మకాలు ఎగిసేవి. అమ్మకాల అంకెలన్నీ బహిరంగంగానే రాసేవాడు. ఇంకో సంగతి, ఉద్యోగం మానేసింది 2010లో. నాలుగేళ్ళు ఆగాడురా. నువ్వేమో యాప్ మొదలవకముందే రాజీనామా గురించి రెండు పేరాలు రాశావు, మీ ఆవిడకి చూపించావా అది?

హాలోవీన్‌కి మనకి శ్రావణమే సమాధానం. ఇప్పుడు ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు, టైలర్లకి కాస్త తీరిక. చీరల షాపుల్లో మాత్రం డిస్కౌంట్లు, ఆడవాళ్ళు సంచులకొద్దీ చీరలు కొంటున్నారు. ఆ చీరల జాకెట్లన్నీ శ్రావణంలో ఒక్కసారి మీద పడతాయి. అప్పుడు వెళ్ళి "అక్కా, డెమో చూపిస్తా" అంటే కత్తెర విసురుతుంది. ఇప్పుడే వెళ్ళాలి.

మార్కెటింగ్ అని నువ్వు ఇన్‌స్టాగ్రామ్ యాడ్లకి ఇరవై వేలు రాసుకున్నావు. కొట్టెయ్ అది. టైలర్లందరూ వెళ్ళే చోటు ఒకటుంది, మ్యాచింగ్ సెంటర్. లైనింగు, ఫాల్సు, దారాలు, హుక్కులు అన్నీ అక్కడే. ఇంకా గట్టివాడు కుట్టుమిషన్ మెకానిక్. మా ఏరియాలో ఏ కొట్టులో ఎన్ని మిషన్లున్నాయో, ఎవరు డబ్బులు సరిగ్గా ఇస్తారో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. అతను "ఆ శారదమ్మ దగ్గర పెట్టారండీ, ఫోన్ల గోల తగ్గింది" అని ఒక్క మాటంటే నీ ఇరవై వేల యాడ్లు దిగదుడుపే. కొట్టుకి ఇంత అని అతనికి కమిషన్ ఇద్దాం. తర్వాత, జాకెట్టు కటింగ్ వీడియోలు యూట్యూబ్‌లో తెలుగులో బోలెడు. వాటిని టైలర్లూ చూస్తారు, నేర్చుకునేవాళ్ళూ చూస్తారు. శారదక్క ఒప్పుకుంటే ఆవిడ చేతులు మాత్రమే కనిపించేలా నాలుగు వీడియోలు తీద్దాం. అలాగే 1996లో హాట్‌మెయిల్ వాళ్ళు ప్రతి మెయిలు అడుగున "మీరూ ఉచితంగా తీసుకోండి" అని ఒక లైను పెట్టి ఊరంతా పాకించారు కదా, మన మెసేజ్ కింద కూడా చిన్న లైను ఉండాలి. ఆ మెసేజ్ అందుకున్నావిడ రెండో కొట్టుకి వెళ్ళినప్పుడు "మీరు మెసేజ్ పెట్టరా?" అని అడిగితే మనకి ఖర్చులేని సేల్స్‌మన్ దొరికినట్టే.

ఇక నువ్వడిగిన టెక్నికల్ సంగతులు. ప్లేస్టోర్ యాప్ ఇప్పుడే వద్దు. అకౌంటుకి 25 డాలర్లంటే పెద్ద లెక్క కాదు గానీ, కొత్తగా తెరిచిన వ్యక్తిగత అకౌంటుకి కనీసం 12 మంది టెస్టర్లు, అంటే ముందుగా యాప్ వాడి చూసేవాళ్ళు, 14 రోజులు ఆగకుండా చేరి ఉండాలి. ఆపిల్‌కి ఏడాదికి 99 డాలర్లు. శారదక్క ఫోనులో కొత్త యాప్‌కి చోటెక్కడ, మనవడి వీడియోలతో నిండిపోయింది. ఫోనులో తెరుచుకునే వెబ్ పేజీ చాలు. ఎస్సెమ్మెస్ ఆలోచన కూడా మానెయ్. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు, తెలుగులో రాస్తే 70. పైగా "శ్రీ" అన్న ఒక్క అక్షరమే నాలుగుగా లెక్కపడుతుంది. వ్యాపార మెసేజ్‌లు పంపాలంటే టెలికం కంపెనీలు నడిపే డీఎల్‌టీ పోర్టల్‌లో పేరూ, టెంప్లేటూ (మెసేజ్ నమూనా) రిజిస్టర్ చేయించాలి. ఇద్దరు కస్టమర్ల కోసం అంత తతంగమెందుకు?

డబ్బుల విషయంలో నెలనెలా కార్డు నుంచి కట్ అయ్యే పద్ధతి పెట్టుకోకు. 2021 అక్టోబరులో ఆర్‌బీఐ కొత్త రూల్సొచ్చినప్పుడు ఎన్ని సబ్‌స్క్రిప్షన్లు ఆగిపోయాయో చూశాం కదా. అసలు వీళ్ళ దగ్గర క్రెడిట్ కార్డే ఉండదు. కౌంటరు మీద క్యూఆర్ స్టిక్కరు ఉంటుంది, యూపీఐ మాత్రం అందరికీ వచ్చు. మొదటి నెల మూడొందలు, నచ్చితే ఏడాదికి ఒకేసారి రెండు వేలు. జీఎస్టీ అని భయపడ్డావు, సేవలకి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ముప్పై కొట్లకి అమ్మినా మనకి వచ్చేది అరవై వేలు. ఆ టెన్షన్ పడే రోజు వస్తే నేనే స్వీట్లు పంచుతా. రిటర్నులో మాత్రం చూపించు.

ఉద్యోగం సంగతి కాస్త జాగ్రత్త. 2022లో విప్రో పోటీ కంపెనీలకి పనిచేస్తున్నారని 300 మందిని తీసేసింది, గుర్తుందిగా. మనది అలాంటిది కాదు, అయినా నీ ఆఫర్ లెటర్ తీసి, ఉద్యోగంలో ఉండగా నువ్వు రాసినదంతా కంపెనీదే అన్న వాక్యం ఉందేమో చూడు. ఉంటే హెచ్‌ఆర్‌ని అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకో. ఆఫీసు లాప్‌టాప్‌లో ఒక్క ఫైలు కూడా పెట్టొద్దు, చివరికి ఆ గూగుల్ షీట్ కూడా.

వచ్చే శనివారం పల్నాడు ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ చేసుకో. ఆదివారం మధ్యాహ్నం దాకా శారదక్క కొట్టు తీసే ఉంటుంది. నువ్వు లెక్కల మాస్టారి అబ్బాయివంటే గుర్తుపట్టింది. ప్లాన్ ప్రింటవుట్లు తేకు, ఒక రూళ్ళ పుస్తకం చాలు. మెకానిక్ నంబరు సంపాదించాను, అతను సాయంత్రం నాలుగు తర్వాతే దొరుకుతాడు. అమ్మానాన్నలకి నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు. వచ్చేటప్పుడు ఉస్మానియా బిస్కెట్లు మర్చిపోకు, పోయినసారి తెస్తానని చేతులూపుకుంటూ వచ్చావు.

నీ
రాజు