చెరకు నుంచి అరుదైన చక్కెర: ప్రభుత్వ సంస్థలు పూనుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

క్రషింగ్ సీజన్ మొదలైతే మా నాందేడ్ జిల్లాలో కర్మాగారాల గేట్ల బయట చెరకు ట్రాక్టర్లు బారులు తీరుతాయి. నరికిన చెరకు ఎండలో ఆగేకొద్దీ బరువు తగ్గుతుంది, లోపలి చక్కెరా విరిగిపోతుంది. సుక్రోజ్, అంటే మనం వాడే పంచదార, ఒకసారి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే చిన్న చక్కెరలుగా విడిపోతే ఇక గింజ కట్టదు, చివర మిగిలే మొలాసిస్ (మడ్డి)లోకి పోతుంది. చెరకు బరువులో ఎంత చక్కెర చేతికొచ్చిందో చెప్పే రికవరీ శాతం పడిపోతుంది. చెరకు ధర ఆ శాతాన్ని బట్టే కాబట్టి దెబ్బ చివరికి రైతుకే.

నష్టం కింద రాసుకునే ఆ ఫ్రక్టోజ్ నుంచే అల్యులోజ్ అనే అరుదైన చక్కెర తయారవుతుంది. రెండింటిలోనూ ఉన్నవి అవే పరమాణువులు. మూడో కార్బన్ దగ్గర ఒక్క అమరిక దిశ మారుతుంది, అంతే. పంచదార తీపిలో 70 శాతం ఉంటుంది, కేలరీలు మాత్రం గ్రాముకు 4 బదులు 0.4. రక్తంలో గ్లూకోజ్‌ను పెంచదనే చెప్పాలి. దేశంలో మధుమేహులు 10 కోట్లు దాటారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం తేల్చింది. చెరకు పండించే మా ఇళ్లలోనే పెద్దవాళ్లు చక్కెర లేని టీ తాగుతున్నారు.

ఫ్రక్టోజ్‌ను క్షారంతో రసాయనికంగా అల్యులోజ్‌గా మారిస్తే నానా రకాల చక్కెరలు కలగలిసి, అల్యులోజ్ కొద్దిగానే దక్కుతుంది. జపాన్‌లోని కగావా విశ్వవిద్యాలయంలో ఆచార్య కెన్ ఇజుమోరి మట్టిలోని బాక్టీరియా నుంచి ఈ మార్పు చేసే ఎంజైమ్‌ను కనిపెట్టాక దారి సుగమమైంది. అయినా మార్పు మూడో వంతు దగ్గర ఆగిపోతుంది. మిగిలిన ఫ్రక్టోజ్ నుంచి అల్యులోజ్‌ను వేరు చేయడానికే ఎక్కువ ఖర్చు. అల్యులోజ్ మోతాదు మించితే కడుపు ఉబ్బరం, విరేచనాలు రావచ్చు. ఇవన్నీ పరీక్షించి తేల్చడం ఒక సహకార కర్మాగారం తలకెత్తుకోగల పని కాదు.

చక్కెర కాక మరో ఆదాయం కోసం కర్మాగారాలు, పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో 2023 డిసెంబరులో చూశాం. చెరకు రసంతో ఇథనాల్ చేయవద్దని కేంద్రం ఒక్క ఉత్తర్వుతో అడ్డుకట్ట వేసింది. కాబట్టి పుణె దగ్గరి వసంత్‌దాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్, కాన్పూర్‌లోని జాతీయ చక్కెర సంస్థ కలిసి మరాఠ్వాడాలో ఒక ప్రయోగాత్మక యూనిట్ పెట్టాలి. ఫలితాలను మరాఠీతో పాటు, సరిహద్దు తాలూకాల్లోని మాబోటి రైతుల కోసం తెలుగులోనూ ప్రకటించాలి. యూనిట్ మొదలుకాకముందే, దాని ఆదాయంలో చెరకు రైతు వాటా ఎంతో రాతపూర్వకంగా తేల్చాలి.

– ఒక చెరకు రైతు, ధర్మాబాద్, నాందేడ్ జిల్లా