చెవిరాళ్ల బీరువాలో రెండేళ్ల ఖాళీ: మత్స్యశాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను సముద్ర జీవశాస్త్రవేత్తని. ఇరవై రెండేళ్లుగా చేపల లెక్కలే నా ఉద్యోగం. ఈ మాట చెప్పగానే అందరూ డాల్ఫిన్ల గురించి అడుగుతారు. డాల్ఫిన్లతో ఈత కొట్టే భాగ్యం నాకు ఇంతవరకు కలగలేదండీ. నా జీవితంలో చాలా భాగం తెల్లవారుజామున రేవులో, తడి సిమెంటు గచ్చు మీద గొంతుక్కూర్చుని చేపల పొడవు కొలవడంలోనే గడిచింది.

మీ సమయం వృథా చేయకుండా ముందే చెప్పేస్తాను. ఈ లేఖ డబ్బు అడగడానికే. కొత్త ఓడ అడగడం లేదు, కొత్త భవనమూ అడగడం లేదు. ఏడుగురు మనుషులకు పర్మనెంట్ ఉద్యోగాలు అడుగుతున్నాను. ఎందుకో చెప్పాలంటే మా పని కొంచెం దగ్గరగా చూపించాలి.

రేవులో మా పని తెల్లవారుజామున మూడున్నరకు మొదలవుతుంది. పడవలు వచ్చే వేళకి మేం లేకపోతే చేపలు వేలానికి వెళ్లిపోతాయి, ఆ రోజు లెక్క పోయినట్టే. చేతిలో ఒక కొలత పలక, తడిసినా చిరగని కాగితం, పెన్సిల్ ఉంటాయి. పెన్ను పనికిరాదు, చేప జిగురు మీద ఇంకు పట్టదు. ఒకరు కొలిచి అంకె అరుస్తారు, ఇంకొకరు రాసుకుంటారు. ముప్ఫై రెండు, ఇరవై తొమ్మిది, మళ్లీ ఇరవై తొమ్మిది. అది అయ్యాక సరంగుని, అంటే పడవ నడిపే పెద్దని, పట్టుకుని వలకన్ను ఎంత, ఎంత లోతులో వేశారు, ఎన్ని గంటలు లాగారు అని అడగాలి. మొదటి ఏడాది ఎవరూ నిజం చెప్పరు. మేం పన్ను వేయడానికి వచ్చామనుకుంటారు. రెండో ఏడాది నవ్వుతారు. మూడో ఏడాదికి మాత్రం, అడక్కుండానే, "ఈసారి ఇంకా దూరం పోవాల్సొచ్చింది మేడమ్" అంటారు. ఆ ఒక్క మాట మాకు చాలా విలువైనది. ఎందుకంటే బుట్టలో చేప అంతే ఉన్నా, దానికోసం తిరిగిన దూరం రెట్టింపైతే సముద్రంలో ఏదో తేడా వచ్చినట్టే. సరిగ్గా ఆ నమ్మకం కుదిరేసరికి మా కుర్రాళ్ల మూడేళ్ల ప్రాజెక్టు అయిపోతుంది. కొత్తవాళ్లు వస్తారు. మళ్లీ మొదటి ఏడాది.

ఇక చెవిరాళ్లు. చేప తలలో, మెదడుకి దగ్గర్లో, చిన్న చిన్న సున్నపురాళ్లుంటాయి. శాస్త్రంలో ఒటోలిత్‌లంటారు. చేపకి వినికిడీ, తూకం తప్పకుండా ఈదడమూ వాటి వల్లే. కంటికి కాస్త వెనగ్గా కత్తి పెట్టి కపాలం పైచిప్ప లేపి, పట్టకారుతో జాగ్రత్తగా తీస్తే చాలా చేపల్లో కందిబద్దంత రాయి బయటికొస్తుంది. కడిగి, ఆరబెట్టి, చిన్న కవర్లో వేసి, తేదీ, చోటు, పొడవు, ఆడో మగో రాసి బీరువాలో పెడతాం. తర్వాత దాన్ని పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, చెట్టు మొద్దులో కనిపించినట్టే వలయాలు కనిపిస్తాయి. లెక్కపెడితే వయసు తెలుస్తుంది. చూడటానికి చిన్న పనే. కానీ ఈ లెక్క ఆలస్యమైతే ఏమవుతుందో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా తీరాల్లో ఆరెంజ్ రఫీ అనే లోతునీటి చేప విషయంలో అందరూ చూశారు. 1980ల్లో దాన్ని మామూలు చేపలాగే లెక్కేసి టన్నులకు టన్నులు పట్టారు. తీరా చెవిరాళ్లు సరిగ్గా చదివాక తేలింది, అది వందేళ్లకు పైగా బతుకుతుందని, గుడ్లు పెట్టే వయసు రావడానికే దశాబ్దాలు పడుతుందని. అప్పటికే చాలా గుంపులు ఖాళీ.

మా బీరువాలో సంవత్సరాల వారీగా పెట్టెలున్నాయి. వాటి మధ్య ఒకచోట రెండేళ్ల ఖాళీ ఉంది. అప్పుడు నేను పనిచేస్తున్న సంస్థలో ప్రాజెక్టు ముగిసింది, తర్వాతి మంజూరు ఫైలు ఎక్కడో ఆగింది, కాంట్రాక్టు మీదున్న ఐదుగురినీ ఇంటికి పంపేశారు. రేవుకి వెళ్లేవాళ్లు లేరు. నేను సెలవు రోజుల్లో ఒక్కదాన్నే వెళ్లి కొన్ని కొలిచాను కానీ, అది లెక్కలోకి వచ్చేంత కాదు. రెండేళ్ల తర్వాత డబ్బు వచ్చింది. అప్పుడు డబ్బు ఇచ్చినాయన అన్న మాట నాకింకా గుర్తుంది. "పోనీలెండి, ఈ ఏడాది డబుల్ కొలవండి, సరిపోతుంది."

సరిపోదండీ. ఆ రెండేళ్లు ఎవరూ తిరిగి కొలవలేరు.

ఆ ఖాళీ వల్ల ఏం నష్టం అంటే, నాలుగేళ్ల తర్వాత వలల్లో ఉన్నట్టుండి చిన్న చేపలు ఎక్కువగా పడ్డాయి. మీ శాఖ నుంచి ఒకే ప్రశ్న వచ్చింది: ఇది మంచికా, చెడుకా? న్యాయమైన ప్రశ్నే. చిన్న చేపలు ఎక్కువ పడటానికి రెండు కారణాలుండొచ్చు. ఒకటి, ఆ మధ్య ఏదో ఒక ఏడాది గుడ్లూ పిల్లలూ బాగా బతికి ఒక పెద్ద తరం వచ్చి ఉండాలి. అదైతే శుభవార్త, కొన్నాళ్లు ఓపిక పడితే పంట చేతికొస్తుంది. రెండోది, పెద్ద చేపలన్నీ అయిపోయి వలలో చిన్నవే మిగిలి ఉండాలి. బుట్టలో చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా చెప్పేది ఏటేటా తీసిన వయసు లెక్క ఒక్కటే. మా దగ్గర సరిగ్గా ఆ తరం పుట్టిన రెండేళ్లే లేవు. "తెలియదు" అని రాసి పంపాను. నా ఉద్యోగంలో అంత సిగ్గుపడుతూ సంతకం పెట్టిన కాగితం ఇంకోటి లేదు.

ఇదేమీ కొత్త విద్య కాదు. నార్వేలో యోహాన్ యోర్ట్ అనే శాస్త్రవేత్త 1914లోనే చూపించాడు. హెర్రింగ్ చేపల పొలుసుల్లో వలయాలు ఏటేటా లెక్కపెడుతూ పోతే, 1904లో పుట్టిన ఒక్క తరమే ఏళ్ల తరబడి వలల్ని నింపిందని తేలింది. చేపలు ఎక్కడికో వలస పోయి తిరిగొస్తున్నాయని అప్పటిదాకా అనుకునేవారు. ఆయన మధ్యలో లెక్క ఆపేసి ఉంటే ఆ తరాన్ని అన్నేళ్లు వెంటాడటం కుదిరేది కాదు. అలాగే బ్రిటిష్ శాస్త్రవేత్త ఆలిస్టర్ హార్డీ తయారుచేసిన, పట్టుబట్టతో నీటిని వడగట్టే యంత్రాన్ని 1931 నుంచి సరుకు ఓడలు వెనక కట్టి లాగుతున్నాయి, అందులో చిక్కుకున్న ప్లాంక్టన్‌ని, అంటే నీటిలో తేలే చిన్న చిన్న జీవుల్ని, ఇప్పటికీ లెక్కపెడుతున్నారు. కాలిఫోర్నియాలో సార్డీన్ కుప్పకూలాక 1949లో మొదలుపెట్టిన సముద్ర సర్వే కూడా ఇంకా నడుస్తోంది. వీటిలో ఏదీ మూడేళ్ల ప్రాజెక్టు కాదు.

మీ కుర్చీకి సంబంధించిన కథ కూడా ఒకటి చెప్పాలి, తప్పుగా అనుకోకండి. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేప వేట 1968లో దాదాపు 8 లక్షల టన్నులకి చేరింది. తర్వాత పడిపోయింది. 1980ల్లో చిన్న పడవల వాళ్లు చేప తగ్గింది, సైజు తగ్గింది అని మొత్తుకున్నారు. పెద్ద ట్రాలర్లకు మాత్రం చేప బాగానే పడుతోంది. ఎందుకంటే మిగిలిన చేప ఒకచోట గుంపు కడుతుంది, ట్రాలర్ నేరుగా ఆ గుంపు మీదికే పోతుంది. ఆ ట్రాలర్ల అంకెల్ని నమ్మి మా వృత్తిలోని శాస్త్రవేత్తలే సముద్రంలో చేప ఎక్కువుందని లెక్కగట్టారు. అది మావాళ్ల తప్పే, దాచుకోవడానికేం లేదు. 1989 నాటికి వాళ్లు తప్పు తెలుసుకుని కోటా, అంటే ఏడాదికి పట్టనిచ్చే చేప, సగానికి పైగా తగ్గించమంటే, అప్పటి మంత్రి కొంచెమే తగ్గించారు. 1992 జూలై 2న, ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన జాన్ క్రాస్బీ వేట మొత్తం ఆపేస్తున్నామని ప్రకటించాల్సి వచ్చింది. దాదాపు 30 వేల మందికి పని పోయింది. రెండేళ్లే అన్నారు. ఆ నిషేధం ఎత్తేసింది 2024లో.

ఆ మంత్రులు చెడ్డవాళ్లని నేను అనుకోను. రేవులో అప్పులు, పడవల కిస్తీలు, ఓట్లు, అన్నీ వాళ్ల తల మీదే ఉన్నాయి. మీ మీదా ఉంటాయి. అందుకే నా రెండో కోరిక ఇది: మేమిచ్చే సలహాని, మీ నిర్ణయాన్ని, రెండింటినీ ఒకే రోజు జనం ముందు పెట్టండి. సలహా ఒకటి, నిర్ణయం ఇంకొకటి అయితే కారణం ఒక పేరాలో రాయండి. సలహాని కాదనే హక్కు మీకుంది. మా సలహా ఏమిటో పడవలవాళ్లకు తెలియకపోవడమే బాగోలేదు.

మాట విని కోత పెడితే చేప తిరిగొస్తుందా అంటే, వస్తుంది, అన్నిచోట్లా కాకపోయినా. అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనా పనైపోయిందనుకున్నారు. 2010 ప్రాంతంలో కోటాలు గట్టిగా తగ్గించి, దొంగవేట మీద నిఘా పెట్టాక తూర్పు అట్లాంటిక్‌లో కోలుకుంది. పడమటి వైపు గుంపు అంతగా కోలుకోలేదు. ఈ తేడా చెప్పగలుగుతున్నామంటే రెండు వైపులా లెక్క ఆగలేదు కాబట్టే.

ఇప్పుడు మనుషుల సంగతి. మా దగ్గర పనిచేసే ఒకమ్మాయి ఉంది. రేవు పక్కనే పెరిగింది, నాన్నకి పడవుంది. చేపని చేతిలోకి తీసుకోగానే గుడ్లు ఎన్ని రోజుల్లో పెడుతుందో చెప్పేస్తుంది, నాకు ఇన్నేళ్లకీ రాని విద్య అది. సరంగులు తనతో మాట్లాడినట్టు నాతో మాట్లాడరు. ఏడేళ్లలో తనకిది నాలుగో కాంట్రాక్టు. కాంట్రాక్టుకీ కాంట్రాక్టుకీ మధ్య జీతం లేదు. పోయిన వారం నా గదికొచ్చి, "మేడమ్, బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, వెళ్లమంటారా?" అని అడిగింది. మా రంగంలో చేరమని కాలేజీల్లో ఉపన్యాసాలిస్తాను నేను. సముద్రాన్ని కాపాడే వృత్తి అని పోస్టర్లు కూడా వేస్తారు. ఆ అమ్మాయికి మాత్రం ఏమీ చెప్పలేక, టీ తాగుదాం రా అన్నాను.

పరిశోధనకి ప్రాజెక్టులు ఉండాల్సిందే. కొత్త ప్రశ్న వస్తుంది, మూడేళ్లు చూస్తాం, జవాబు దొరుకుతుంది, అయిపోతుంది. రేవులో కొలవడం, చెవిరాళ్లు తీయడం, ఏటా సర్వే పడవ ఎక్కడం పరిశోధన కిందికి రావు. అవి వర్షపాతం కొలిచినట్టు, జనాభా లెక్కించినట్టు రోజువారీ పనులు. వర్షమాపకం దగ్గర మనిషిని మూడేళ్లకోసారి తీసేస్తామని ఎవరైనా అంటే మనం నవ్వుతాం. ఇక్కడ చేస్తున్నది అదే. కాబట్టి ఈ పనిని ప్రాజెక్టుల పద్దులోంచి తీసి శాఖ సొంత ఖర్చులోకి మార్చండి. నేనడిగిన ఏడుగురూ రేవుల్లో నలుగురు, ల్యాబులో వయసు చదవడానికి ఇద్దరు, లెక్కలు సరిచూడటానికి ఒకరు. పడవల మీద పరిశీలకులుగా వెళ్లేవాళ్లకి బీమా, శాటిలైట్ ఫోను కూడా ఇప్పించండి. పడవ యజమాని తప్పుని కాగితం మీద రాయాల్సిన మనిషి, అదే పడవలో, ఒడ్డుకి వారం దూరంలో, ఒంటరిగా పడుకోవాలి. ఆ టెన్షన్ నేను పడ్డాను, ఒక రాత్రి తలుపుకి అడ్డంగా పెట్టె జరిపి కూర్చున్నాను.

ఈసారి సర్వే ఇంకో ఆరు వారాల్లో మొదలవ్వాలి. ఈ చేప గుడ్లు పెట్టే కాలం అదే. కొలత పలకలు కడిగి పెట్టాం, కవర్లు కొన్నాం, పడవ మాట్లాడాం. వెళ్లేవాళ్ల జాబితా నిన్న టైపు చేశాను. అందులో ప్రస్తుతానికి నా పేరొక్కటే ఉంది.

ఇట్లు,
మీ శాఖకి ఏటా చేపల లెక్క పంపే ఒక సముద్ర జీవశాస్త్రవేత్త