భూమి లోపలి సంగతి రాసినప్పుడు, అది ఎలా తెలిసిందో కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

భూమి లోపలి కోర్, అంటే నట్టనడుమ ఉన్న లోహపు గోళం, తిరగడం ఆగిపోయిందంటూ 2023 జనవరిలో ప్రపంచమంతటా వార్తలు వచ్చాయి. 2024లో మరో పరిశోధన వెలువడినప్పుడు అదే మాట మళ్లీ తిరిగింది. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. అప్పట్లో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తరగతి అయ్యాక నా దగ్గరికి వచ్చి, "మేడమ్, లోపల ఆగిపోయిందట కదా, ఇక పైన కూడా ఆగిపోతుందా?" అని అడిగింది. సరదాకి అడగలేదు. రాత్రంతా ఆ టెన్షన్‌తో నిద్ర పట్టలేదని చెప్పింది.

ఏమీ ఆగలేదు. పక్కపక్క పట్టాల మీద రెండు రైళ్లు ఒకే వేగంతో వెళుతుంటే, ఒక రైల్లో కూర్చున్నవారికి రెండోది కదలనట్టే ఉంటుంది. ఇదీ అంతే. లోపలి కోర్ భూమితో పాటు రోజుకో చుట్టు తిరుగుతూనే ఉంది. కోర్‌ను చుట్టి ఉన్న మందపాటి రాతి పొర మాంటిల్ కంటే అది కొంచెం ముందు పోతోందా, కొంచెం వెనకబడుతోందా అన్నదే ఆ పరిశోధనల విషయం. దీని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన నడుస్తూనే ఉంది. వార్తలో ఈ ఒక్క వాక్యం ఉండి ఉంటే ఆ పిల్ల హాయిగా నిద్రపోయేది.

ఆమె అడిగిన రెండో ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. "అక్కడికి ఎవరూ వెళ్లలేదు కదా మేడమ్, మరి ఎవరు చూశారు?" నేను చదివిన వార్తల్లో దీనికి జవాబు లేదు. నిజం చెప్పాలంటే మా పాఠంలోనూ సరిగా లేదు. భూపటలం, మాంటిల్, బయటి కోర్, లోపలి కోర్ అని నాలుగు పేర్లు, పక్కన మందాలు, ఒక రంగుల బొమ్మ. పిల్లలు బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, మర్చిపోతారు.

మర్నాడు తరగతి గదిలో నేల మీదే భూమిని గీశాం. 64 సెంటీమీటర్ల తాడు, చివర సుద్దముక్క. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు కాబట్టి ఒక సెంటీమీటరు అంటే వంద కిలోమీటర్లు. ఆ లెక్కన ఖండాల కింది భూపటలం సగటున మూడున్నర మిల్లీమీటర్లు, సముద్రాల కింద ఒక మిల్లీమీటరు కూడా లేదు. మేం గీసిన సుద్దగీతే అంతకంటే లావుగా ఉంది. ఇక మనిషి తవ్విన అతి లోతైన రంధ్రం రష్యాలోని కోలా ద్వీపకల్పంలో ఉంది. 1970లో మొదలుపెట్టి 1989 నాటికి 12,262 మీటర్లు దిగారు. వంద డిగ్రీలు ఉంటుందనుకున్న చోట దాదాపు 180 డిగ్రీల వేడి ఎదురై, ఇక తవ్వడం కుదరలేదు. మా బొమ్మలో అది ఒకటింబావు మిల్లీమీటరు. ఒక పిల్లవాడు గీత మీద వేలు పెట్టి, "ఇంతేనా!" అన్నాడు. అవును, ఇంతే. మిగతాదంతా మనిషి తెలుసుకున్నది చెవులతో.

భూకంపం వచ్చినప్పుడు లేచే తరంగాలు భూమి లోపలి నుంచి కూడా ప్రయాణిస్తాయి. ముందు వచ్చేవి పీ తరంగాలు, వెనక నెమ్మదిగా వచ్చేవి ఎస్ తరంగాలు. దారిలో రాయి మారితే వాటి వేగం మారుతుంది, దారి వంగుతుంది. 1909లో ఇప్పటి క్రొయేషియాలోని జాగ్రెబ్ దగ్గర భూకంపం వచ్చినప్పుడు ఆంద్రియా మొహొరొవిచిచ్ అనే శాస్త్రవేత్త ఒక వింత గమనించారు. దూరంగా ఉన్న భూకంప నమోదు కేంద్రాల్లో పీ తరంగాలు రెండు విడతలుగా నమోదయ్యాయి. ఊళ్లోంచి నేరుగా వెళ్లే బండి కంటే బైపాస్ మీదుగా చుట్టి వెళ్లే బండి ముందు చేరినట్టు, లోతుకు దిగిన తరంగాలే ముందు చేరుకున్నాయి. అంటే అక్కడ తరంగాలకు మంచి రోడ్డు లాంటి, వేరే రకం రాయి ఉండాలి. భూపటలానికీ మాంటిల్‌కీ మధ్య సరిహద్దు అలా దొరికింది. దాన్ని ఈనాటికీ ఆయన పేరుతోనే 'మోహో' అంటున్నారు.

ఎస్ తరంగాలు ద్రవంలో పోలేవు. దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు దాటితే అవి ఆగిపోతాయి. బయటి కోర్ ద్రవమని మనకు తెలిసింది ఇలాంటి ఆధారాలతోనే. మాంటిల్ గుండా మాత్రం అవి చక్కగా వెళతాయి. ఎందుకంటే అది గట్టి రాయి, లక్షల ఏళ్లలో నెమ్మదిగా జరిగే రాయి. కానీ బొమ్మల్లో దాన్ని ఎర్రగా మరుగుతున్న లావాలా వేస్తారు. మీ పత్రిక బొమ్మల్లో కూడా అలాగే చూశాను. దయచేసి మార్చండి. ఆ ఎరుపు చూసిన పిల్లలకు మాంటిల్ గట్టిదని నమ్మించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

కోర్ మొత్తం ద్రవమేనని అంతా అనుకుంటున్న రోజుల్లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమాన్ 1929 నాటి న్యూజిలాండ్ భూకంపం రికార్డులు ముందేసుకుని కూర్చున్నారు. తరంగాలు చేరకూడని ప్రాంతంలో చిన్న చిన్న తరంగాలు కనిపించాయి. అప్పటివరకు చెప్పుకుంటున్న కారణాలేవీ వాటికి సరిపోలేదు. ద్రవం మధ్యలో ఇంకేదో ఉంది, దాన్ని తాకి అవి దారి మళ్లుతున్నాయి అని ఆమె తేల్చారు. 1936లో వచ్చిన ఆమె వ్యాసం శీర్షిక 'పీ' అనే ఒకే ఒక్క అక్షరం, దాని మీద చిన్న గీత. కంప్యూటర్లు లేని కాలం. తరంగాల వివరాలు అట్ట కార్డుల మీద రాసి, ఓట్స్ డబ్బాల్లో సర్దుకుని, తోటలో బల్ల వేసుకుని పని చేసేవారని చెబుతారు. ఈ కథ చెప్పిన రోజు మా తరగతిలో ఒక్కరూ గంట వైపు చూడలేదు. ఇప్పుడు 'ఆగిపోయింది' అని రాస్తున్నది ఆమె కనిపెట్టిన ఆ లోపలి కోర్ గురించే.

అది ఎలా తిరుగుతోందో కొలిచే పద్ధతి కూడా చెప్పదగినదే. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని దక్షిణ శాండ్విచ్ దీవుల దగ్గర కొన్ని భూకంపాలు ఏళ్ల తేడాతో అదే చోట, అదే తీరుగా మళ్లీ వస్తుంటాయి. లోపలి కోర్ గుండా వెళ్లిన వాటి తరంగాలను భూమికి ఆ పక్కన, అలాస్కా లాంటి చోట్ల నమోదు చేసి, పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తారు. సెకనులో చిన్న వంతు తేడా కనిపించినా, దారిలో ఏదో మారిందన్నమాట, అంటే లోపలి కోర్ కాస్త జరిగి ఉండవచ్చు. ఇది రాయడానికి నాలుగు లైన్లు చాలు.

భూగర్భంలో మహాసముద్రం అంటూ 2014లో వచ్చిన వార్తలదీ ఇదే కథ. బ్రెజిల్‌లో దొరికిన ఒక వజ్రంలో రింగ్‌వుడైట్ అనే ఖనిజం రేణువు చిక్కుకుని ఉంది. దాదాపు 520 నుంచి 660 కిలోమీటర్ల లోతున ఉండే రకం ఖనిజమది. అందులో బరువును బట్టి ఒకటిన్నర శాతం దాకా నీరు ఉందని తేలింది. అయితే అది పారే నీరు కాదు, స్ఫటికంలో కట్టుబడి ఉన్న నీరు. అక్కడ ఈదడానికి సముద్రం లేదు. కంటికి ఆనని రేణువు అంత లోతు కబురు పైకి మోసుకొచ్చిందన్నదే అసలు అద్భుతం, దాన్ని పక్కకు నెట్టి లేని సముద్రాన్ని శీర్షికకెక్కించారు.

అందుకే నా విన్నపం. భూమి లోపలి గురించి ఏ వార్త వేసినా, ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, ఎంత గట్టిగా చెప్పగలుగుతున్నారు అన్నది అదే వార్తలో ఉండేలా చూడండి. చోటు లేదంటే శీర్షిక సైజు తగ్గించండి. ఇంకొకటి కూడా. పెద్ద భూకంపం వచ్చినప్పుడు తీవ్రత అంకెతో పాటు, దూరంగా ఉన్న ఏదైనా కేంద్రంలో నమోదైన సీస్మోగ్రాఫ్ గీత ఒక్కటి ముద్రించండి. ఈ రికార్డులు చాలావరకు ఇంటర్నెట్‌లో ఎవరికైనా అందుబాటులోనే ఉన్నాయి. అందులో పీ ఎక్కడ మొదలైంది, ఎస్ ఎక్కడ మొదలైంది అని రెండు బాణాలు వేస్తే చాలు. ఆ కాగితం కత్తిరించి గోడకు అంటించి, మిగతాది తరగతిలో నేను చెప్పుకుంటాను.

ఇట్లు,
ఒక సైన్సు టీచర్